కుడికి రెండు వేళ్లు

మా తమ్ముడి కూతురు కావ్య పోయిన ఆదివారం పొద్దున స్కూటీ మీద ఒక పొడుగాటి రేకు పెట్టె పెట్టుకుని మా ఇంటికి వచ్చింది. తార్నాక వెనక బస్తీలో మా నాయన కట్టిన రెండు గదుల ఇంటిని తమ్ముడు కూలగొట్టించి కొత్తగా కట్టిస్తున్నాడు. అటక దులిపితే ఈ పెట్టె దొరికిందట. "డాడీ నీకిచ్చి రమ్మన్నడు అత్తమ్మా. ఎవ్వరు తెర్వద్దు, నీకే ముట్టాలె అన్నడు" అంటూ హాల్లో దించింది. తెరవక్కర్లేదు. కుట్టుమిషను నూనె, పాత రబ్బరు, ముఖానికి రాసుకునే పౌడరు, మూడూ కలిసిన వాసన మూత సందులోంచే వస్తోంది. నలభై ఏళ్లయింది ఆ వాసన పీల్చి. కాలితో పెట్టెను సోఫా కిందికి తోసేసి కావ్యకు టీ పెట్టడానికి వంటింట్లోకి పోయాను.

కావ్యకు పెట్టె సంగతి పట్టలేదు, దాని గొడవ దానికుంది. క్యాంపస్‌లో ఎమ్మెస్సీ చదువుతోంది. తోటి విద్యార్థులతో కలిసి ఆదివారాలు ఊరి బయట ఏదో మైదానానికి పోయి యుద్ధం ఆట ఆడతారట. ఆ తుపాకులను ఎయిర్‌సాఫ్ట్ అంటారట. చూడడానికి అచ్చం అసలు తుపాకే, అందులోంచి వచ్చేది మాత్రం బఠాణీ గింజంత ప్లాస్టిక్ పూస. ఇన్నాళ్లూ అక్కడ అద్దెకిచ్చేవాటితో ఆడింది. ఇప్పుడు సొంతంగా ఒకటి కొనుక్కోవాలని కోరిక పుట్టింది. ఫోను నా ముందు పెట్టి రెండు బొమ్మలు చూపించింది. ఒకటి ఒళ్లంతా ప్లాస్టిక్, చవకది. రెండోది ఇనుప గొట్టం, చేతిలో పట్టుకుంటే బరువు తెలిసేది, దాని ధరలో చవకవి నాలుగొస్తాయి. "ఏది తీస్కోవాలె అత్తమ్మా? తుపాకుల సంగతి మన ఖాందాన్ల మీ అత్తమ్మకు తెల్సినట్టు ఎవ్వరికి తెల్వదు, ఆమెనడుగు అన్నడు డాడీ" అంది. తమ్ముడికి ఈ ఎగతాళి బుద్ధి చిన్నప్పటి నుంచీ ఉంది.

కళ్లజోడు పెట్టుకుని చదివాను. చవకదాన్ని కొన్నవాళ్లు పూస ఒక పక్కకు పోతోందని రాశారు. అదే చెప్పాను. కావ్య నన్నో అమాయకురాలిని చూసినట్టు చూసి నవ్వింది. "అది అందరికి తెల్సు అత్తమ్మా. మొదట్ల చవకదాంతోనే నేర్చుకోవాల్నట. ఎంత పక్కకు పోతదో అలవాటైతే చాలట. దాంతోని కొట్టొచ్చినోళ్లు ఇగ దేంతోనైనా కొడ్తరట" అంది. "ఎవడన్నడే ఆ మాట?" అని అరిచాను. పిల్ల బిత్తరపోయింది. "వీడియోలల్ల అందరు గదే అంటరు అత్తమ్మా. ఏమైంది?" అంది. ఏమైందో ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. పెళ్లి చేసుకున్న మనిషికి చెప్పలేదు, కన్న పిల్లలకు చెప్పలేదు. ఆ మాట నేను ముందే విన్నాను. వీడియోలు లేని కాలంలో, ఆ సోఫా కింది పెట్టె పక్కన కూర్చుని, మా నాయన నోటివెంట విన్నాను.

మా నాయన జనగామ అవతల ఊళ్లో మూడెకరాల చెలక రైతు. వరసగా వానలు పడని ఏళ్లలో ఎడ్లను అమ్మి పట్నం వచ్చాడు. కొన్నాళ్లు అంబర్‌పేటలో హమాలీ పని చేసి, నడుము పట్టేశాక, బుగ్గలు కొట్టే దుకాణం పెట్టాడు. దుకాణమంటే గోడలూ తలుపులూ ఉన్నది కాదు. ఒక చెక్క పలక, దాని మీద ఎర్ర గుడ్డ, గుడ్డ మీద వరసగా కట్టిన బుగ్గలు, నాలుగు బారల ఇవతల ఒక బల్ల, బల్ల మీద తుపాకి. ఇప్పటి పిల్లలు బెలూన్లంటారు, మాకు బుగ్గలే. సాయంత్రం కాగానే క్యాంపస్ గేటు దగ్గర చింతచెట్టు పక్కన పలక నిలబెట్టేవాడు. పది ఛర్రాలకు ఇంత అని పైసలు తీసుకునేవాడు. ఛర్రాలంటే తుపాకిలో వేసే సీసపు గుండ్లు. పదికి ఎనిమిది కొట్టినవాడికి ఒక స్టీలు గ్లాసు బహుమతి. ఆ గ్లాసులు మా ఇంట్లో నేను పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ అవే పన్నెండు ఉండేవి. ఎవరూ గెలుచుకుపోయేవాళ్లు కాదు కాబట్టి అమ్మ వాటిలోనే మాకు చాయ్ పోసేది.

మధ్యాహ్నం మూడింటికల్లా ఇంట్లో ఆ రోజు పని మొదలయ్యేది. అమ్మ గడప మీద కూర్చుని బుగ్గలూదేది. సైకిలు పంపు పెడితే పగిలిపోతాయని నోటితోనే ఊదాలని నాయన పట్టు. వందో బుగ్గ దగ్గర అమ్మ దవడలు పట్టుకుని కాసేపు గోడకానుకునేది, మళ్లీ మొదలుపెట్టేది. నేను మూతులకు దారం కట్టేదాన్ని. తమ్ముడు అవి ఒకదానికొకటి అంటుకోకుండా పౌడరు అద్దేవాడు. చెయ్యి, జుట్టు, అన్నం ముద్ద, అన్నీ రబ్బరు కంపు కొట్టేవి. బడిలో నా పక్కన కూర్చునే అమ్మాయి ముక్కు మూసుకునేది. ఆ సమయంలో నాయన మూలకు తిరిగి కూర్చుని తుపాకులకు నూనె పట్టించేవాడు. మాట్లాడేవాడు కాదు. ఆ పని ఆయన పూజ చేసినంత శ్రద్ధగా చేసేవాడు, మేం దగ్గరికి పోతే కసిరేవాడు.

తుపాకులు రెండు. ఒకటి పాత సామాన్లమ్మే జుమ్మేరాత్ బజార్‌లో కొన్న చవకది. దాని చెక్క నాలుగుచోట్ల పగిలి రాగి తీగతో కట్టి ఉండేది. రెండోది ఊరు విడిచి పోతూ సామాన్లమ్ముకున్న ఒక ఆఫీసరు ఇంట్లో కొన్నది, దానికి అమ్మ వెండి కడియాలు పోయాయి. నున్నటి ఎర్ర చెక్క, నల్లగా మెరిసే గొట్టం. దాన్ని పాత లుంగీలో చుట్టి బల్ల కింద పెట్టేవాడు. హాస్టల్ పిల్లలకు, కూలీలకు, నల్లకుంట నుంచి సైకిళ్లమీద వచ్చే కుర్రాళ్లకు చవకది. పోలీసులకు, ప్రొఫెసర్ల పిల్లలకు, కార్లో దిగే వాళ్లకు లుంగీలోది. "పోలీసాయిన పది కొడ్తె నవ్వుకుంట పోతడు. పది పోతె మన దుకాణం పోతది" అనేవాడు నాయన. పెద్దవాళ్లకు మంచి వస్తువు ఇవ్వడం మర్యాద అనే నేననుకున్నాను. చుట్టం వస్తే అమ్మ కొత్త చాప వేసేది కదా, అలాగే.

నాకు ఎనిమిదేళ్లప్పుడు నాయన చవక తుపాకి నా చేతికిచ్చి కొట్టడం నేర్పాడు. నా వెనక గొంతుకూర్చుని, నా చెంప తుపాకి చెక్కకు ఆనించి, గొట్టం చివర నిలబడి ఉండే చిన్న ఇనుప ముక్కను చూపించాడు. ఆ ముక్కను మక్కీ అంటారు. "మక్కీని బుగ్గ మీద పెట్టొద్దు బిడ్డా. బుగ్గకు కుడిదిక్కు రెండు వేళ్లు వదిలి గాలి మీద పెట్టు. ఊపిరి పట్టు. ఇగ కొట్టు" అన్నాడు. కొట్టాను. బుగ్గ పగిలింది. ఆ చప్పుడుకు నాకు కలిగిన సంతోషం తర్వాత ఏ పరీక్ష పాసైనా కలగలేదు. "గదే ఇల్మ్. ఎవ్వరికి చెప్పకు" అన్నాడు. తుపాకి విద్య అంటే అదేననుకున్నాను. చూసేది ఒకటి, తగిలేది ఒకటి. ఆ రహస్యం తెలియక జనం బుగ్గను చూసి కొడుతున్నారు, అందుకే పోతున్నాయి. పోలీసులకు తెలుసు, వాళ్లకు ట్రైనింగిస్తారు, అందుకే తగులుతున్నాయి. నా బుర్రకు ఎక్కడా లెక్క తప్పలేదు. నాకు తెలిసిన ప్రపంచానికంతా ఆ జవాబు సరిపోయింది.

అప్పటి నుంచీ రోజూ సాయంత్రం నాకో పని. హాస్టల్ పిల్లలు పదికి పదీ పోగొట్టుకుని "ఏంది అన్నా, నీ తుపాకి ఖరాబున్నది" అని గొణగగానే నాయన నన్ను పిలిచేవాడు. "ఖరాబున్నదా? సుగుణా, ఇటు రా బిడ్డా. జర అన్నలకు చూపియ్యి." రెండు జడలేసుకుని, తర్వాత తర్వాత లంగా ఓణీలో, ఇంకా తర్వాత ఎం.ఏ. పుస్తకాలు చంకన పెట్టుకుని, అదే తుపాకితో పది బుగ్గలు వరసగా పగలగొట్టేదాన్ని. "ఆడివిల్ల కొట్టింది, మీతోని గాదా?" అనేవాడు నాయన నవ్వుతూ. అంతే, రోషం వచ్చి జేబులు దులిపేవాళ్లు. నా గెలుపు చూసి చప్పట్లు కొట్టేవాళ్లు. ఆ చప్పట్లు నాకు కావలసి వచ్చేవి, దాచడమెందుకు? పొద్దంతా క్లాసులో వెనక బెంచీ, నా యాసకు నవ్వులు. సాయంత్రం ఆ చింతచెట్టు కింద మాత్రం నన్ను మించినవాడు లేడు. కూటి కోసం కోటి విద్యలంటారు. మా ఇంటి విద్యలో నేను ఎర అని ఎం.ఏ. చదువుతున్నా నాకు తట్టలేదు.

దసరాకు నాయన ఆయుధ పూజ చేసేవాడు. ఊళ్లో నాగలికి చేసేవాడట, పట్నంలో తుపాకులకు. కడిగిన పీట మీద మూడు వస్తువులు పెట్టేవాడు. చవక తుపాకి, మంచి తుపాకి, వాటి మధ్య కంసాలి వాడే అంత చిన్న సుత్తి. చవకదానికి మొదట బొట్టు పెట్టి, రెండు బంతిపూలు పెట్టి, "అన్నం పెట్టేది ఇదే" అని దండం పెట్టేవాడు. తర్వాత సుత్తికి పెట్టేవాడు. మంచి తుపాకికి చివర్న ఏదో ఒక పూవు. మూడు రోజులు పోయాక మళ్లీ దుకాణం తెరిచే ముందు, మూలకు తిరిగి కూర్చుని, ఆ సుత్తితో మక్కీ మీద టక్కున ఒక్క దెబ్బ వేసేవాడు. వెనకనుంచి నేను ఎన్నిసార్లు చూశానో. రిపేరు చేస్తున్నాడనుకునేదాన్ని. సుత్తికి బొట్టెందుకని ఒకసారి అడిగితే అమ్మ నా నెత్తిన మొట్టికాయ వేసింది. అమ్మకు తెలుసు. అమ్మకు అన్నీ తెలుసు, బుగ్గల్లో ఊది కట్టేసేది.

ఎం.ఏ. మొదటి ఏడు యూనివర్సిటీ రైఫిల్ జట్టుకు ఆడపిల్లల్ని కూడా తీసుకుంటామని నోటీసు బోర్డులో పెట్టారు. జట్టులో ఉండి బయట పోటీలకు పోయివస్తే సర్టిఫికెట్ వస్తుంది. అది ఉంటే ఆటల కోటాలో పోలీసు ఉద్యోగానికి దారి దొరుకుతుంది. నాకా ఉద్యోగం కావాలి. పోలీసులంటే గౌరవముండి కాదు. మా నాయన లుంగీ మూట విప్పి మంచి తుపాకి తీసిచ్చే మనుషుల్లో నేనూ ఒకదాన్ని కావాలి, అంతే. ఎంపిక పరీక్ష ఇంకో రెండు వారాలుందనగా నాయన నూనె పట్టిస్తుంటే పక్కన కూర్చుని అడిగాను. "నాయినా, ఈ రొండు వారాలు పెద్ద తుపాకితోని కొట్టుకుంట. వాళ్ల దగ్గర గసుంటియే ఉంటయట." నాయన చెయ్యి ఆగలేదు. "అది పెద్దోళ్లది బిడ్డా. స్ప్రింగు పోతె మల్లొస్తదా? అయినా నీకెందుకది? దీంతోని కొట్టొచ్చినోళ్లు దేంతోనైనా కొడ్తరు" అన్నాడు. నమ్మాను. ఎందుకు నమ్మనూ? ఆయన మా నాయన, పైగా నా ఉస్తాదు.

క్యాంపస్‌లో మైదానాల వెనక పొడుగాటి రేకుల షెడ్డులో పరీక్ష పెట్టారు. పదిహేను మందిమి వచ్చాం, ఆడపిల్లలం ముగ్గురం. ఎంపిక చేసే సారు కోస్తా వైపు మనిషి, తెల్ల పాంటు, మెల్లగా మాట్లాడేవాడు. నా చేతికి ఇచ్చిన తుపాకిని చూసి నాకు ఒళ్లు జలదరించింది. మా పెద్ద తుపాకి కూడా దాని ముందు చీపురు కట్ట. పది మీటర్ల దూరంలో కాగితం మీద నల్ల చుక్క. పది గుండ్లు కొట్టాలి, అయిపోయాకే కాగితం తెస్తారు. నాకు అదొక్కటే కొత్తగా అనిపించింది. బుగ్గయితే పగిలి చెబుతుంది, కాగితం ఏమీ చెప్పదు. అయినా బెదరలేదు. చెంప ఆనించాను. చుక్కకు కుడిపక్క రెండు వేళ్లు వదిలి, ఊపిరి పట్టి, పదీ కొట్టాను. ఒక్కసారి కూడా చెయ్యి వణకలేదు. దించేటప్పుడు నా ముఖంలో నవ్వు ఉందని నాకు తెలుసు.

సారు కాగితం తెచ్చి చాలాసేపు చూశాడు. జేబులోంచి రూపాయి బిళ్ల తీసి రంధ్రాల మీద పెట్టాడు. పదీ దాని కింద దాగిపోయాయి. "నా సర్వీసులో కొత్తవాళ్లెవరూ ఇలా కొట్టలేదమ్మా" అన్నాడు. ఆ బిళ్ల ఉన్నది నల్ల చుక్క మీద కాదు. చుక్కకు కుడిపక్కన, తెల్ల కాగితం మీద, సరిగ్గా రెండు వేళ్ల దూరంలో. మార్కులు సున్నా.

"చుక్కను చూసే కొట్టావా?" అన్నాడు.

"లేద్సార్. చుక్క పక్కపొంటి రెండు వేళ్లు వదిలి కొట్టిన. తుపాకంటె గట్లనే కొట్టాలె గద సార్?"

షెడ్డంతా గొల్లుమంది. సారు నవ్వలేదు. "ఏ తుపాకీ అలా కొట్టక్కర్లేదమ్మా. అలా కొట్టాల్సి వచ్చిందంటే దాని మక్కీ వంకరగా ఉన్నట్టు, ఎవరో వంచినట్టు" అన్నాడు. ఆ క్షణంలో నా చెవిలో టక్కుమని సుత్తి చప్పుడు వినబడింది. బొట్టు పెట్టిన సుత్తి కళ్లముందు కనబడింది. గెలుచుకుపోని పన్నెండు స్టీలు గ్లాసులు, లుంగీలో చుట్టిన తుపాకి, "ఆడివిల్ల కొట్టింది" అనే నవ్వు, అన్నీ ఒకదాని తర్వాత ఒకటి నా మీద పడ్డాయి. పదేళ్లకు పైగా చదివినా అర్థం కాని పాఠం ఆ ఒక్క మాటతో అర్థమైంది.

అంతటితో అయినా బాగుండేది. గుంపులోంచి కరీంనగర్ వైపు హాస్టల్ పిల్లవాడొకడు ముందుకొచ్చాడు. మా దుకాణం దగ్గర వారానికి మూడు రోజులు ఓడిపోయేవాడు. "సార్, ఈమె నాయినది గేటు కాడ బుగ్గల దుకాణం. మేమంత ఆడే తుపాకితోనే ఈమె నేర్చుకున్నది" అన్నాడు. షెడ్డులో నవ్వులాగిపోయాయి. సారు నా వైపు తిరిగాడు. "ఆ తుపాకి వంకరదా అమ్మా? వంకరదైతే ఆ సంగతే రాసుకుని రేపు నీకు మళ్లీ పది గుండ్లిస్తాను. చుక్కనే చూసి కొడితే నిన్ను మించినవాళ్లు ఇక్కడ లేరు. తుపాకి బాగానే ఉందంటే తప్పు నీదని రాయాలి, ఇంకో అవకాశం ఇవ్వలేను. చెప్పు, భయం దేనికి?"

పద్నాలుగు జతల కళ్లు నా ముఖం మీదున్నాయి. అవునంటే నాకు జట్టు, ఉద్యోగం. అవునంటే ఆ సాయంత్రమే చింతచెట్టు కింద పలక విరుగుతుంది, మా నాయన ఒళ్లు విరుగుతుంది. ఆ నడుము అప్పటికే విరిగిందే. దొంగకు తేలు కుట్టినట్టయింది నా పని. "తుపాకి మంచిగనే ఉన్నది సార్. తప్పు నాదే" అన్నాను. నా బతుకులో నేనాడిన మొదటి అబద్ధం అది, చాలా చక్కగా ఆడాను. కరీంనగర్ పిల్లవాడు సిగ్గుపడి తల వంచుకున్నాడు. సారు నా పేరు మీద గీత కొట్టాడు, ఇంక నా వైపు చూడలేదు.

ఇంటికి పోయేసరికి నాయన మధ్యాహ్నం అన్నం తింటున్నాడు. పచ్చిపులుసు కలుపుకుంటూ "ఏమైంది బిడ్డా, తీస్కున్నరా?" అన్నాడు.

"తీస్కోలే. మక్కీ వంకరున్నదా నాయినా?"

కలిపే చెయ్యి ఆగిపోయింది. అమ్మ నీళ్ల చెంబు నెపంతో లేచి లోపలికి పోయింది.

"ఎవలన్నరు?"

"సారన్నడు. అందరి ముంగట."

"నువ్వేమన్నవ్?"

ఆ ప్రశ్న ముందు వచ్చింది. నా చేతిలోంచి ఏం పోయిందన్నది ఆయన అడగలేదు.

"మంచిగనే ఉన్నదన్న."

నాయన పెద్దగా ఊపిరి వదిలాడు. చెయ్యి మళ్లీ అన్నంలో తిరగడం మొదలైంది. ఆ ముఖంలో కనబడిన నిమ్మళం నేను ఈ రోజుకీ క్షమించలేదు. కొడితే క్షమించేదాన్ని, తిడితే మర్చిపోయేదాన్ని. "మంచిగ చెప్పినవ్ బిడ్డా" అన్నాడు.

"నాకెందుకు చెప్పలే నాయినా? ఒక్క మాట చెప్తె ఏం పోతుండె?"

నోట్లో ముద్ద మింగాడు. "చెప్తె నీ మొఖంల కనవడ్తుండె. నీకు అబద్ధమాడరాదు బిడ్డా. నువ్వు నమ్మినవ్ గావట్టే ఆ పోరగాండ్లు నమ్మిన్రు" అన్నాడు. అందులో తప్పున్నట్టు ఆయనకు అనిపించలేదు. ఎద్దు మంచిదని చెబుతున్న రైతులా చెప్పాడు.

ఆ తర్వాత నేను దుకాణం దగ్గరికి పోలేదు, తుపాకి ముట్టలేదు. నాయన రమ్మని అడగలేదు, నేను రానని చెప్పలేదు. కరీంనగర్ పిల్లవాడు మాత్రం వస్తూనే ఉన్నాడని తమ్ముడు చెప్పేవాడు. "తుపాకి మంచిదేనని సుగుణక్క చెప్పింది, తప్పు నా చేతిదే" అని అందరితో అనేవాడట, ఆడేవాడట, పోగొట్టుకునేవాడట. నా మాట మీద అంత నమ్మకం. ఆ పైసలతోనే నా రెండో ఏడు ఫీజు కట్టారు, కట్టించుకున్నాను. మా ఊరి లాంటి ఊళ్ల నుంచి, మా ఇంటి లాంటి ఇళ్ల నుంచి వచ్చినవాళ్లకు వంకర తుపాకి ఇచ్చి, వాళ్లు పోగొట్టుకున్నదానితో నేను పద్యాల్లో అలంకారాలు చదువుకున్నాను. తర్వాత టీచరు ఉద్యోగం వచ్చింది, పెన్షనూ వస్తోంది. నాయన పోయినప్పుడు ఏడ్చాను. ఏడుస్తూ కూడా ఆ అన్నం కలిపే చెయ్యే గుర్తొచ్చింది. ఈ మాట రాయడం తప్పని మా తమ్ముడంటాడు. ఇంటి గుట్టు లంకకు చేటు అంటాడు. లంక ఎప్పుడో కాలిపోయిందిరా, కాలింది నేనేనన్న సంగతే మీకెవరికీ తెలియదు.

ఇదంతా ఆదివారం పొద్దున కావ్యకు చెప్పాను. టీ చల్లారిపోయింది. ఈ కాలం పిల్లలకు ఒక అదృష్టముంది. ఏ తుపాకి ఎటు కొడుతుందో ముక్కూ మొహం తెలియనివాళ్లు కూడా ముందే చెప్పి పెడతారు. మాకు సొంత నాయన చెప్పలేదు. "ఆ మంచిదే తీసుకో. నాలుగు నెలలు ఆగైనా సరే అదే తీసుకో" అన్నాను. అది వంగి సోఫా కింది నుంచి పెట్టె లాగింది. నేను వద్దనే లోపే మూత తీసింది. మంచి తుపాకి అందులో లేదు, చివరి రోజుల్లో నాయన ఎవరికో అమ్మేశాడు. రాగి తీగ కట్టిన చవకది ఉంది. ఒక డబ్బాలో ఛర్రాలు, గడ్డకట్టిన పౌడరు డబ్బా, చిన్న సుత్తి. సుత్తి తల మీద నల్లబడిన కుంకుమ ఇంకా అంటుకునే ఉంది.

మేడ మీద నీళ్ల ట్యాంకు గోడకు పాత బొంత వేలాడదీసి, దాని ముందు స్టూలు మీద కాగితం కప్పు పెట్టాం. కావ్య తుపాకి ఎత్తి కప్పునే చూసి కొట్టింది. స్ప్రింగు ఇంకా బతికే ఉంది. "ఎడమకు పోయింది అత్తమ్మా. రెండు వేళ్లు" అంది. తుపాకి తీసుకుని ఒళ్లో పెట్టుకున్నాను. మక్కీ కుడికి ఒరిగి ఉంది, కళ్లజోడు లేకపోయినా కనబడేంత. సుత్తి తీసి ఎడమ వైపుకు టక్కున ఒక్క దెబ్బ వేశాను. కావ్య మళ్లీ కొట్టింది. కప్పు ఎగిరి కింద పడింది. అంతే. అర నిమిషం పట్టలేదు. ఆ రెండు వారాల్లో ఏ ఒక్క మధ్యాహ్నమైనా ఆయన ఆ ఒక్క దెబ్బ ఎడమకు వేసి ఉంటే. పిట్టగోడ మీద కూర్చుని, ఎండలో, అరవై దాటిన దాన్ని, పిల్ల చూస్తోందన్న సిగ్గు కూడా లేకుండా ఏడ్చాను.

కావ్య కప్పును మళ్లీ స్టూలు మీద నిలబెట్టింది. "నువ్వు కొట్టు అత్తమ్మా. ఇప్పుడు సక్కగున్నది గద" అని తుపాకి నా చేతికిచ్చింది. చెంప ఆనించాను. అదే నూనె వాసన. మక్కీని కప్పు నడిమధ్యన పెట్టాను, పెట్టానని నాకు తెలుసు. ఊపిరి పట్టి కొట్టాను. కప్పు కదల్లేదు. బొంతలో చిల్లు కుడిపక్కన పడింది. ఇంకోటి కొట్టాను, ఇంకోటి కొట్టాను. మూడు చిల్లులూ ఒక్క రూపాయి బిళ్ల కింద దాగిపోయేలా ఒకేచోట పడ్డాయి. కావ్య కప్పు దగ్గరికి పోయి, పక్కన రెండు వేళ్లు పెట్టి కొలిచి చూసింది.

"కప్పును జూడు అత్తమ్మా. పక్కకెందుకు చూస్తున్నవ్? సక్కగ జూడు."

"సక్కగనే చూస్తున్న బిడ్డా" అన్నాను.